ఇంట్లో ఒక గది అతిథులకిస్తే

అరకు హోమ్‌స్టేల వీడియో చూశాక చాలామంది అడిగారు, మన ఇంట్లో కూడా గది అద్దెకివ్వొచ్చా అని. ఇవ్వొచ్చు. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో 1 నుంచి 6 గదుల వరకు నమోదు చేసుకోవచ్చు, కాకపోతే యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టాలి.

అసలు చిక్కు కాగితాలది కాదండీ, కాలానిది. అరకుకి జనం వచ్చేది చలికాలంలో. కాఫీ పండు కోతకొచ్చేదీ అప్పుడే. పొద్దున్నే తోటకెళ్లాల్సిన మనిషి వేడినీళ్లు, టిఫిన్లు చూస్తూ ఉండిపోతే పండు చెట్టు కిందే రాలిపోతుంది. ఈ చాకిరీ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది, లెక్కల పుస్తకంలో మాత్రం వాళ్ల కూలి ఎవరూ రాయరు. రాయండి. అది తీసేశాక మిగిలిందే లాభం.

జీవామృతం డ్రమ్ము దాచక్కర్లేదు. వాసన ఉంటుందని బుకింగ్ అప్పుడే చెప్పేయండి, సరిపోతుంది.

ఇంకోటి, ఏజెన్సీ రైతులకి. "స్థలం లీజుకివ్వండి, కాటేజీలు మేం కట్టుకుంటాం" అని గిరిజనేతరులు వస్తే, 1/70 చట్టం ప్రకారం ఆ లీజు చెల్లదు. అడ్వాన్సు చేతిలో పెట్టినా సంతకం చేయొద్దు.