పోడు భూమియు, స్థిరమైన సేద్యమును

తూర్పు కనుమలయందు అడవికిని సాగుభూమికిని నడుమ గల హద్దు చిరకాలముగా జరుగుచునే యున్నది. 2022 లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా మొదలగు మన్యప్రాంతములలో కొండవాలున చెట్లు నఱికి, కాల్చి, పైరు పెట్టు పద్ధతికి పోడు అని పేరు. ఈ సేద్యమున పంట ఏల తగ్గిపోవునో, అడవియంచున భూమి గల రైతు చేయదగిన దేమియో యిందు వివరింపబడును.

బూడిద బలము

చెట్లను నఱికి యెండనిచ్చి, తొలకరికి ముందు నిప్పు పెట్టుదురు. పిదప దున్నకయే చోడి, సామ, కంది మొదలగు విత్తనములను కలిపి చల్లుదురు. బూడిదయందు పొటాషు, సున్నము, భాస్వరము గలవు. మంటచే కలుపువిత్తులు చాలవఱకు మాడిపోవును. కావున మొదటియేట పంట బాగుగ నుండును. కాని నత్రజనిలో అధికభాగము పొగతో పోవును. వాన బూడిదను, పైమన్నును వాగుపాలు చేయును. రెండు మూడేండ్లలో కలుపు హెచ్చి పంట తగ్గును. తొలిపంట అడవి పెక్కేండ్లు కూడబెట్టిన సారమువలన వచ్చినదని రైతు గ్రహింపవలెను.

విరామము తగ్గుట

పూర్వము పోడు విడిచిన కొండను పదేండ్లో, అంతకు మించియో వదలియుంచెడివారు. ఆ కాలమున చెట్లవేళ్లు లోతునుండి సారమును తెచ్చి, రాలిన యాకులచే మన్నును బలపఱచెడివి. 1882 మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిదప విశేషభాగము రిజర్వు అడవి యయ్యెను, జనమును పెరిగెను. ఆ కొండనే కొలది యేండ్లకు మరల కాల్చవలసి వచ్చెను. అంతలో చెట్లు లేవవు. గడ్డియు పొదలును మాత్రమే మొలచును. వానివలన వచ్చు బూడిద స్వల్పము.

మెట్లును, నీడచెట్లును

సవరలు కొండవాలును ఱాతికట్టలతో మెట్లుగా మలచి, వాగునీరు పాఱించి వరి పండించుట ప్రసిద్ధము. నీరు లేనిచోట వాలునకు అడ్డముగా ఒకే మట్టమున గట్లు వేసి, గట్లపై గడ్డియో కందియో పెంచినచో మన్ను నిలుచును.

నిటారైన వాలును చెట్లకే విడువవలెను. అరకు ప్రాంతమున సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్లు మొదలుకొని నీడచెట్ల క్రింద కాఫీయు, సిల్వరు ఓకు మ్రానులపై మిరియపు తీగెయు పెంచుచున్నారు. అచ్చటి అరబికా కాఫీకి 2019 లో భౌగోళిక గుర్తింపు లభించెను. అయితే కాఫీ మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు. ధరయు నిలుకడ లేనిది. కావున చదునునేలలో చోడి, కంది మానరాదు. నీడకు సిల్వరు ఓకు నొక్కదానినే నాటక, పనస మొదలగు వృక్షములను గూడ నుంచుట మేలు.

పట్టా విషయము

2006 అటవీహక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13 నాటికి గిరిజనుల స్వాధీనమున నుండి, వారు జీవనార్థము సాగు చేయుచున్న అటవీభూమికి, 4 హెక్టార్లకు మించకుండ, హక్కు కలుగును. ఇతర సాంప్రదాయిక అటవీవాసులు 75 సంవత్సరముల నివాసమును గూడ రుజువు చేయవలెను. ఈ హక్కు వారసులకు చెందును గాని అమ్ముటకు వీలు లేదు. ఆ తేదీ తరువాత కొట్టిన పోడునకు ఈ చట్టమువలన పట్టా రాదు.

కావున క్రొత్త కొండ నఱకుటవలన రైతునకు హక్కును రాదు, నిలుకడయైన పంటయు రాదు. ఉన్న యెకరమున మన్ను నిలుపుకొని, పెంటయెరువు వేసి, చెట్టు పెంచిన రైతునకే ఆ భూమి బిడ్డలకాలము వఱకు ఫలించును.