ఏకశిల గుట్ట ఎంత దూరం చూపిస్తుంది?

పిల్లలూ! ఎత్తైన కొండకొమ్ము మీద నిలబడి చుట్టూ చూడాలని ఎవరికి ఉండదు? ఒక ఏడాది మా బడి విద్యార్థులను గండికోట తీసుకువెళ్ళాలని అనుకున్నాం. అక్కడి కొండ అంచున నిలబడితే పెన్నానది తొలిచిన లోయ కళ్ళముందు కనబడుతుంది. నేను తరగతిలో పేర్లు వ్రాసుకుంటూ ఉంటే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, "నాకు బస్సు పడదు సార్, వాంతులవుతాయి" అన్నాడు. వాడు రోజూ తన ఊరి నుంచి బస్సులోనే బడికి వస్తాడు! ఆ అబద్ధం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు నేనూ అలాంటిదే చెప్పాను. ఇంట్లో పైసలు లేవని చెప్పడం కంటే, కడుపులో తిప్పుతుందని చెప్పడం సులువు.

తోటి ఉపాధ్యాయులు వెళ్ళగలిగిన వారిని గండికోట తీసుకువెళ్ళారు. మిగిలిన పిల్లలను నేను ఒక ఆదివారం ఏకశిల గుట్టకు తీసుకువెళ్ళాను. ఆనాడు మేము చేసిన పనులన్నీ మీరూ చేయవచ్చు.

ఖర్చెంత?

ఏకశిల గుట్ట వరంగల్ కోటలోనే ఉంది. రైల్వే స్టేషను నుంచి నడిచి వెళ్ళవచ్చు. కావలసిన సామాను ఇది: నీళ్ళ సీసా, సద్ది మూట, గుప్పెడు పల్లీలు, నోటుపుస్తకం, కోణమానిని, మూరెడు దారం, ఒక చిన్న రాయి. తోడుగా ఒక పెద్దవారు తప్పక ఉండాలి.

గుట్ట ఎక్కడానికి గుప్పెడు పల్లీలు సరిపోతాయా అని మీకు అనుమానం రావచ్చు. లెక్క వేసి చూద్దాం. మీ బరువు 40 కిలోలు, ఎక్కే ఎత్తు 49 మీటర్లు అనుకోండి. చేయవలసిన పని 40 × 9.8 × 49, అంటే సుమారు 19,200 జౌళ్ళు. ఇది దాదాపు 4.6 కిలో కేలరీలు. మన కండరాలు తీసుకున్న శక్తిలో నాలుగో వంతో, అయిదో వంతో మాత్రమే పనిగా మారుస్తాయి. మిగిలినది వేడిగా పోతుంది. అందుకే గదా మెట్లెక్కితే చెమట పట్టేది! కాబట్టి సుమారు 20 కిలో కేలరీలు కావాలి. అంత శక్తి ఏడెనిమిది పల్లీ గింజలలో దొరుకుతుంది!

ఒకే రాయి

'ఓరుగల్లు' అన్నా, 'ఏకశిల' అన్నా ఒకటే రాయి అని అర్థం. కాకతీయులు హనుమకొండ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చారు. గణపతిదేవుడు (1199–1262), ఆయన తరువాత రుద్రమదేవి రాతికోటను కట్టించి బలపరిచారు.

ఎక్కేటప్పుడు ఒకచోట ఆగి రాయిని దగ్గరగా చూడండి. గాజులా మెరిసేది క్వార్ట్జ్. తెల్లగానో, గులాబీ రంగుగానో ఉండేది ఫెల్‌స్పార్. నల్లని మెరుపు రేకులు అభ్రకం. ఈ మూడూ కలిసినదే గ్రానైటు. మన తెలంగాణ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోతున కరిగిన రాతిద్రవం మెల్లగా చల్లారి ఇలా గట్టిపడింది. పైనున్న నేల కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోగా, బరువు తగ్గిన రాయి వ్యాకోచించి ఉల్లిపొరల్లా పెచ్చులు కట్టింది. గుట్టలు బోడిగా, గుండ్రంగా ఉండడానికి ఇదొక కారణం.

గుట్ట ఎత్తు కొలుద్దాం

గుట్ట ఎత్తు ఎంతో నేను చెప్పను. మీరే కొలవండి. కోణమానిని మధ్య బిందువు నుంచి దారంతో రాయిని వ్రేలాడదీయండి. తిన్నని అంచు వెంబడి గుట్ట కొనను చూడండి. దారం 45 డిగ్రీల గీత మీద ఉంటే మీ చూపు 45 డిగ్రీలు పైకి ఉన్నట్లు. దారం 60 మీద ఉంటే చూపు 30 డిగ్రీలు పైకి ఉన్నట్లు.

చెట్టు ఎత్తు కొలవడానికి 45 డిగ్రీల చోటు ఒక్కటి చాలు. అక్కడి నుంచి చెట్టు మొదలు వరకు ఎంత దూరమో, మన కంటి మట్టానికి పైన చెట్టు అంత ఎత్తు. కాని గుట్ట కొన క్రిందికి మనం నడిచిపోలేం, మధ్యలో రాయి అడ్డం! అందుకే రెండు చోట్ల నుంచి చూడాలి. చదునైన నేల మీద 45 డిగ్రీలు వచ్చేచోట ఒక గుర్తు పెట్టండి. అదే వరుసలో వెనక్కి నడిచి, 30 డిగ్రీలు వచ్చేచోట మరో గుర్తు పెట్టండి. ఈ రెండింటి మధ్య దూరాన్ని 1.366తో గుణించి, మీ కంటి ఎత్తు కలపండి. అదే గుట్ట ఎత్తు. రెండు గుర్తుల మధ్య 30 మీటర్లుంటే కొన కంటి మట్టానికి 41 మీటర్ల పైన ఉన్నట్లు. 1.366 ఎక్కడి నుంచి వచ్చిందో పదో తరగతి వారు తేల్చాలి!

పైనుంచి చూస్తే

పైన గాలికి చెమట ఆరేదాకా కూర్చోండి. తరువాత ఇళ్ళ మధ్య, చెట్ల మధ్య రాతిగోడ వంపు జాడ పట్టండి. కోట గుండ్రంగా ఉందని అప్పుడు తెలుస్తుంది. ఈ రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, అంటే గోడ పొడవు దాదాపు 3.77 కిలోమీటర్లు. లోపలి వైశాల్యం 1.13 చదరపు కిలోమీటర్లు. అంతే పొడవు గోడను చతురస్రంగా కడితే లోపల 0.89 చదరపు కిలోమీటర్లే మిగులుతుంది. అదే గోడతో వృత్తం నాలుగో వంతుకు పైగా ఎక్కువ చోటిచ్చింది, చూశారా!

ఇక దిగంతం సంగతి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి మన చూపుకు ఒక హద్దు ఉంది. పైథాగరస్ సిద్ధాంతంతో ఆ హద్దు లెక్కకట్టవచ్చు. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. చదునైన నేల మీద నిలబడితే కంటి ఎత్తు 1.44 మీటర్లు, వర్గమూలం 1.2, దిగంతం 4.3 కిలోమీటర్లు. కంటి ఎత్తు 49 మీటర్లయితే వర్గమూలం 7, దిగంతం 25 కిలోమీటర్లు!

అప్పుడు మన 'బస్సు పడని' అబ్బాయి అడిగాడు: "అయితే సార్, ఇంత ఎత్తే ఇంకొకటి ఎక్కితే 50 కిలోమీటర్లు కనిపిస్తుందా?"

"నువ్వే వేసి చూడు" అన్నాను. వాడు నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు లెక్క వేశాడు. 98 మీటర్లకు 35 కిలోమీటర్లే వచ్చింది. 50 రావాలంటే 196 మీటర్లు ఎక్కాలి. చూపు రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలన్నమాట. "మొదటి మెట్లే ఎక్కువ చూపిస్తాయి సార్!" అన్నాడు వాడు. నాకు ఆ మాట తట్టనే లేదు.

కొన్ని జాగ్రత్తలు

వేసవిలో బండ కాలుతుంది. ఉదయమే ఎక్కి ఎండ ముదరకముందే దిగాలి. వాన వెలిసి దుమ్ము అణిగినప్పుడు చాలా దూరం స్పష్టంగా కనిపిస్తుంది, కాని తడి బండ జారుతుంది. రాయి ఆరాకనే ఎక్కండి. ఉరుము వినిపిస్తే వెంటనే దిగండి. ఫోటో కోసం అంచుకు పోకండి. బండ మీద పేర్లు చెక్కకండి.

సోమవారం ఆ అబ్బాయి నల్లబల్ల మీద ఎత్తులు, దూరాల పట్టిక వేసి తరగతికి వివరించాడు. గండికోట చూసి వచ్చినవాళ్ళను, "అక్కడి అంచు ఎత్తు ఎంత?" అని అడిగాడు. ఎవరూ కొలవలేదు. వాళ్ళు వాడి చేత కోణమానినికి దారం ఎలా కట్టాలో నేర్చుకున్నారు. నేనూ ఒకటి నేర్చుకున్నాను. పర్యటనకు పేర్లు అందరి ముందూ అడగడం మానేశాను.

మీ ఊళ్ళోనూ ఒక గుట్ట ఉంటుంది గదా! దాని ఎత్తెంత? దానిమీద నుంచి చూపు ఎంత దూరం పోతుంది? వచ్చే ఆదివారం కొలిచి, మీ లెక్కను సైన్సు మాస్టారికి చూపించండి.