ఎఱ్ఱ షామియానా క్రింద ఛాయాచిత్రము

పెండ్లి కానిండు, పాఠశాల వార్షికోత్సవము కానిండు, నలుగురు గూడు తావున ముందుగా వెలయునది ఎరుపు పసుపు పట్టెల షామియానా. ఎండను అడ్డుటలో దానికి సాటి లేదు గాని, దానిగుండా దిగివచ్చు వెలుగు తెల్లని వెలుగు కాదనియు, ఆ గుడ్డ రంగును మోసికొని వచ్చి క్రిందనున్న ప్రతి వస్తువుపై పూయుననియు మనము గమనింపము. కూర్చున్న మనుష్యులకు దానివలన హాని లేదు. ఆ పందిటిలో ఒక ఛాయాచిత్రమును వ్రేలాడదీసినప్పుడు మాత్రము, ఆకాశమును నీలముగాను, తెల్లని పంచెను తెల్లగాను అచ్చు వేయించుటకు చిత్రకారుడు పడిన పాటంతయు క్షణములో కాషాయమైపోవును.

ఇట్టి పందిళ్ళే ప్రదర్శనశాలలగు ఊళ్ళలో తిరువూరు ఒకటి; అది చిత్రశాలలకు పేరువడిన నగరము కాదు. విజయవాడనుండి జగదల్పూరు పోవు జాతీయ రహదారిపై, తెలంగాణ పొలిమేరకు చేరువగా, మామిడితోటల నడుమనున్న ఎన్.టి.ఆర్. జిల్లా పట్టణము. ఇట్టి ఊళ్ళలో ఛాయాచిత్రకారులకు అన్నము పెట్టునవి పెండ్లిండ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశములు. అయినను కెమెరా చేతబట్టినవాడు మామిడి కోతలనో, మిరప కల్లములనో, తిరునాళ్ళ రద్దీనో తన తృప్తికొఱకు తీసికొన్న చిత్రములు కొన్ని దాచుకొనకపోడు. అవి వెలుగు చూచుటకు ఏటేట ఒక సందర్భము కలదు. 1839 ఆగస్టు 19న ఫ్రాన్సు దేశము డాగెర్ కనుగొనిన ఛాయాచిత్ర పద్ధతిని లోకమునకు బహిరంగ పఱచినది. ఆ దినమున తెలుగు పట్టణములందు ఫొటోగ్రాఫర్ల సంఘములవారు డాగెర్ పటమునకు పూలమాల వేసి వేడుక చేయుదురు. ఆ వేడుకకు ఒక చిన్న ప్రదర్శనమును జోడింపదలచినచో, స్టాలు కట్టుట యనగా మొదట వెలుగును అదుపు చేయుట యనియు, చిత్రములను తగిలించుట దాని తరువాతి పని యనియు గ్రహింపవలసి యున్నది.

తెలుగువారికి స్టాలు క్రొత్త కాదు. హైదరాబాదులో 1938లో మొదలైన నుమాయిష్ మనకు దానిని సుపరిచితము చేసినది. అయితే గాజుల అంగడికి, చీరల అంగడికి కావలసినది మిరుమిట్లు గొలుపు కాంతి. ఎన్ని దీపములు వెలిగిన అన్ని లాభములు. ఛాయాచిత్రమునకు ఆ న్యాయము వర్తింపదు; వెలుగునందు గాని, పటముల సంఖ్యయందు గాని మితమే మేలు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి నిజాము కొలువున రాజా బిరుదమందిన లాలా దీన్‌దయాళ్ చిత్రములు 1893 నాటి చికాగో విశ్వప్రదర్శనమున బహుమానమును పొందినవి. ఆ కాలపు మహాప్రదర్శనములలో పటములను నేలనుండి కప్పుదాక గోడ కానరాకుండ పేర్చుట పరిపాటి. ఆ అలవాటునకు ఎదురు నిలిచినవాడు న్యూయార్కునందలి ఛాయాచిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. 1905 నవంబరులో ఫిఫ్త్ ఎవెన్యూ 291వ సంఖ్య యింట అతడు తెఱచిన చిన్న చిత్రశాలను తీర్చిదిద్దిన ఎడ్వర్డ్ స్టైకెన్, గోడలకు మందమైన వన్నెల గోనెగుడ్డ కట్టించి, చిత్రములను కంటి యెత్తున ఎడమెడముగా నిలిపెను. గోనెగుడ్డకు మనకేమి కొదవ? అపరాల బస్తాలు దిగు ప్రతి కొట్టున దొరకును.

కావున మొదటి పని గుడ్డ. టెంట్ హౌస్ వారిని అడిగినచో తెల్లని కప్పు దొరకకపోదు. దానిక్రింద స్టాలు మూడు వైపుల బూడిదవన్నెది గాని, గోధుమవన్నెది గాని, మెఱుపు లేని దళసరి గుడ్డ బిగించి కట్టవలెను. ముడుతలు పడిన గుడ్డపై ప్రక్కవెలుగు పడినచో ప్రతి ముడుతయు ఒక నీడయై చిత్రముతో పోటీ పడును. పూర్తిగా తెల్లని గోడ చిత్రములోని తెలుపును వెలవెల పోజేయును; నల్లని గోడ చిత్రములోని నీడలను మ్రింగును. ఇక దిక్కు: ఎండ నేరుగా చొరని ఉత్తరముఖము శ్రేష్ఠము. ప్రదర్శనములకు జనము వచ్చునది సాయంకాలము గనుక, వాలుటెండ సూటిగా పటముల అద్దములపై పడు పడమటి ముఖమంత చెడ్డది మఱొకటి లేదు. వాస్తు చెప్పువారు ఏమన్నను ఈ విషయమున నా మాట ఇదియే.

దీపముల సంగతి కొంత తీరికగా చెప్పవలెను. చిత్రము నడిమి బిందువు నేలకు 57 అంగుళముల యెత్తున, అనగా సుమారు 145 సెంటీమీటర్ల యెత్తున ఉండవలెనని చిత్రశాలలవారు పాటించు లెక్క. దీపమును నిట్టనిలువు గీతకు 30 డిగ్రీల కోణమున వంచి ఆ బిందువుపై పడునట్లు చేయుట మేలు. దీపము 8 అడుగుల యెత్తున నున్నదనుకొందము. అప్పుడది గోడకు సుమారు 22 అంగుళముల ఎడముగ నుండవలెను. అంతకంటె దగ్గరకు జరిగినచో చట్రపు పై అంచు నీడ చిత్రముపై బారెడు సాగును. దూరము జరిగినచో చూచువాని తల నీడయే చిత్రముపై పడును. 36 డిగ్రీల విస్తారముగల ఫోకస్ లైటు ఆ దూరమునుండి సుమారు 29 అంగుళముల వెడల్పు వలయమును, 24 డిగ్రీలది సుమారు 19 అంగుళముల వలయమును ఇచ్చును. కొనునప్పుడు పెట్టెపై ఆ అంకెను చూచి, చిత్రపు కొలతనుబట్టి ఎంచుకొనవచ్చును. దీపపు దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతునకు దిగిపోవును గాన, జానెడు జరుపుటయు చిన్న విషయము కాదు.

వెలుగు ఎంత యన్న ప్రశ్నకంటె ఎట్టిది యన్న ప్రశ్న పెద్దది. మన బజారులో విరివిగా అమ్ముడుపోవు ఎల్.ఇ.డి. బల్బులు, వెలుగు వన్నెను కొలుచు లెక్కలో, 6500 కెల్విన్ల నీలిఛాయ తెలుపువి; వాటిక్రింద పెండ్లికూతురి ముఖమున పసుపు పాలిపోయి, జ్వరముననుండి లేచినట్లు కనిపించును. అచ్చు చిత్రముల రంగులను సరిచూచుటకు అంతర్జాతీయ ప్రమాణము నిర్ణయించినది 5000 కెల్విన్లు. ప్రదర్శనమునకు 3000 మొదలు 4000 వఱకు కంటికి హాయి. వీనికంటె ముఖ్యమైన అంకె మఱొకటి కలదు, దానిని సి.ఆర్.ఐ. అందురు. దీపము రంగులను ఎంత నిజాయితీగా చూపునో తెలుపు ఆ అంకె 90కి తగ్గరాదు. చవుక దీపములలో లోపించునది ముఖ్యముగా గాఢమైన ఎరుపు. కుంకుమయు, పండుమిరపయు, మాగిన మామిడి చెక్కిలియు లేనిచో మన చిత్రములలో మిగులునదేమి? సీరియల్ సెట్ల రంగుదీపములను గుమ్మమునకు కట్టవలెనను ఉత్సాహమును అణచుకొనుట మంచిది.

స్టూడియోలలో అలవాటైన మెఱుగు లామినేషను ఇచ్చట ప్రథమ శత్రువు. ఎదుటి స్టాలు ట్యూబులైటు తెల్లని కఱ్ఱవలె పటమున నిలుచును. మ్యాట్ లామినేషను చేయించినచో ఆ బాధ చాలవఱకు తీరును. ఒక సులువైన పరీక్ష చెప్పెదను. చేతి అద్దమును చిత్రముపై ఆనించి, చూచువాడు నిలుచు చోట నిలిచి అందులోనికి చూడుడు. అద్దమున ఏ దీపము కనబడునో అదియే చిత్రముపై తళుక్కుమను దీపము. దానిని ప్రక్కకు త్రిప్పుడు. ఆగస్టు ముసురులో అచ్చుకాగితము నేరుగా చట్రపు అద్దమునకు అంటుకొని మఱి ఊడిరాదు గనుక, రెంటినడుమ మౌంటు అట్ట ఉండుట అవసరము.

చిత్రములు ఎన్ని? పది అడుగుల చదరపు స్టాలులో మూడు గోడలు కలిసి ముప్పది అడుగులు. నలువది పటములు గ్రుచ్చినవారిని చూచితిని. చూచినవారు ఒక్కదానిని జ్ఞాపకముంచుకొనరు. ఎనిమిదియో పదియో చాలును. పేరు, వెల వ్రాసిన చీటీ చిత్రమునకు కుడిప్రక్క క్రిందుగా, చదువ వీలగు అక్షరములతో నుండవలెను; వెల వ్రాయకున్న కొనదలచినవాడు అడుగుటకు సిగ్గుపడి పోవును. చిత్రకారుడు వాకిట కుర్చీ వేసికొని కూర్చుండరాదు.

పది ఎల్.ఇ.డి. దీపములు ఒక్కొక్కటి 7 వాట్లైనను మొత్తము 70 వాట్లే. 50 వాట్ల హాలోజెన్లైనచో అది 500 అగును, ఉక్క వేఱు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల ఇన్వర్టరు బ్యాటరి సగము శక్తితోనే ఆ 70 వాట్లను సాయంకాలమంతయు నడుపును. కరెంటు పోయినను చీకటి లేదు. తీగలను నేలపై విడిచి పెట్టక పైపువెంట టేపుతో అంటింపుడు. సిమెంటు ఆవరణలో మేకులు దిగవు గనుక, నాలుగు పైపుల మొదళ్ళకు 20 లీటర్ల నీటి డబ్బాలు కట్టినచో ఒక్కొక్కటి 20 కిలోల బరువై గాలికి స్టాలు లేవకుండ పట్టును.

ఇంతకును అసలు కర్చు పెద్దది కాదు. పూలదండలకు, ఫ్లెక్సీలకు పెట్టు పైకములో ఒక భాగము చాలును. సంఘముల పెద్దలు ఈ సారి పందిరికి బదులు హాలే మాట్లాడుకొనునప్పుడైనను, అద్దె అడుగుటకు ముందు కిటికీలు ఏ దిక్కున నున్నవో, ప్లగ్గులు ఎన్ని పనిచేయుచున్నవో ఒకమాఱు సాయంకాలమున పోయి చూచి రావలెనని నా మనవి.