ఎండ్యూరెన్స్: నాలుగుసార్లు సముద్రంలో దిగిన వ్యోమనౌక

భూమి చుట్టూ తిరుగుతున్న వ్యోమనౌక వేగం సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లు, పాలకొల్లు నుంచి నరసాపురానికి సెకనున్నరలో చేర్చే వేగమది. అదే నౌక నీటిని తాకే వేళకు గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగానికి తగ్గిపోవాలి. అప్పుడది పాలకొల్లులోని 120 అడుగుల క్షీరారామ ఆలయ గోపురమంత ఎత్తు దిగడానికి అయిదు సెకన్లు తీసుకుంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న శక్తిలో దాదాపు అంతా గాలి రాపిడికీ ఒత్తిడికీ వేడిగా మారిపోగా, చివర మిగిలే కాస్త వేగాన్ని దేనితో అణచాలన్న నిర్ణయమే నౌక ఎక్కడ దిగాలో కూడా తేల్చేస్తుంది. రెక్కలు పెడితే పొడవైన రన్‌వే కావాలి; పారాచూట్లు పెడితే గాలి ఎటు తోసినా ఇబ్బంది లేనంత ఖాళీ చోటు కావాలి.

స్పేస్‌ఎక్స్ సంస్థ నిర్మించిన డ్రాగన్ రకం నౌకల్లో ఒకటైన ఎండ్యూరెన్స్ 2021 నవంబరులో తొలిసారి ఎగిరినప్పుడు దానికి కమాండర్‌గా వ్యవహరించినవాడు, హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ఇంజనీరు కుమారుడైన రాజా చారి. మొదట్లో ఈ రకం నౌకను తన ఇంజన్ల బలంతోనే నేలమీద, కాళ్లపై నిలబెట్టాలని సంస్థ తలపెట్టింది. కానీ ఆ కాళ్లు బయటికి రావాలంటే ఉష్ణకవచాన్ని, అంటే సుమారు 1,900 డిగ్రీల వేడిని తాను భరించి లోపలి మనుషులను కాపాడే అడుగు పలకను, చీల్చుకుని రావాలి. 2017లో ఆ ఆలోచన విరమించుకోవడం వివేకమైన పనే. కాపాడవలసిన కవచానికి కన్నాలు పెట్టడం కంటే సముద్రాన్ని నమ్ముకోవడమే మేలు.

అందువల్ల ఎండ్యూరెన్స్ దిగే తీరు ఇలా ఉంటుంది: సుమారు అయిదున్నర కిలోమీటర్ల ఎత్తులో రెండు చిన్న పారాచూట్లు విచ్చుకుని, ఊగిసలాడే నౌకను నిటారుగా నిలిపి వేగం తగ్గిస్తాయి, రెండు కిలోమీటర్లకు కాస్త దిగువన నాలుగు పెద్ద పారాచూట్లు తెరుచుకుని మిగిలిన పని పూర్తిచేస్తాయి. ఫ్లోరిడాకు రెండు వైపులా ఉన్న సముద్రాల్లో ఏడు చోట్లను ముందే గుర్తించి, గాలీ అలలూ ఎక్కడ అనుకూలంగా ఉంటే అక్కడ దించేవారు. రాజా చారి బృందం 2022 మే 6న టాంపా నగరానికి ఎదురుగా, మెక్సికో సింధుశాఖలో దిగింది. 2023, 2024 మార్చి నెలల్లో ఇదే నౌక మరి రెండు బృందాలను అదే సింధుశాఖలో దించింది.

నాలుగోసారి మాత్రం సముద్రమే మారింది. నౌక వెనుక సౌరఫలకాలతో ట్రంక్ అనే గొట్టంలాంటి భాగం ఉంటుంది; దాన్ని కక్ష్యలోనే విడిచిపెడితే నెలల తరబడి తిరిగి, చివరికి ఎక్కడ పడేదీ ముందుగా తెలియకుండా పడేది. పూర్తిగా కాలిపోతుందనుకున్న ఆ ట్రంకుల ముక్కలు ఆస్ట్రేలియాలోనూ కెనడాలోనూ పొలాల్లో దొరికాయి. 2024లో అమెరికాలోని నార్త్ కరోలినా కొండల్లో దొరికిన ముక్క ఎండ్యూరెన్స్ మూడో ప్రయాణంలో వదిలినదే. కిందికి దిగడానికి ఇంజన్ మండించిన తరువాతే ట్రంకును విడిచిపెడితే అది కూడా నౌక దారినే వచ్చి నిర్జనమైన మహాసముద్రంలో పడుతుంది. అందుకు నౌక పసిఫిక్ వైపు దిగాలి. ఆ విధంగా 2025 ఆగస్టు 9న ఎండ్యూరెన్స్ కాలిఫోర్నియా తీరాన నీటిని తాకింది. ఎవరి నెత్తిమీదా పడకుండా చూడడం కూడా దిగడంలో భాగమేనన్న ఈ గుర్తింపు కాస్త ఆలస్యంగా వచ్చినా, రావలసినదే.

నేలమీద దిగడం అసాధ్యమేమీ కాదు. గుంటూరు మూలాలున్న బండ్ల శిరీష 2021 జూలైలో ప్రయాణించిన యూనిటీ అనే నౌక రెక్కలతో తేలుతూ న్యూ మెక్సికో ఎడారిలోని రన్‌వేపై వాలింది. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న వెళ్లివచ్చిన క్యాప్సూల్, అంటే రెక్కలు లేని మూసిన గది, మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోకపోయినా టెక్సస్ ఎడారిలో క్షేమంగా దిగింది. అయితే ఆ రెండూ కక్ష్యలోకి వెళ్లకుండా, అంటే భూమిని చుట్టకుండా, ఎగిరిన చోటికే తిరిగివచ్చిన నౌకలు. ఇక పాలకొల్లు, నరసాపురం ఉన్న గోదావరి డెల్టా విషయానికొస్తే, నేల అరచేయిలా చదునుగానే ఉంటుంది గాని, కొబ్బరితోటలూ కాలువలూ చేపల చెరువులూ కరెంటు తీగలూ ఊరికి ఊరు ఆనుకున్న ఇళ్లూ కలిసి పారాచూట్‌కు ఒక్క చదరపు కిలోమీటరు కూడా విడిచిపెట్టవు. ఇటువంటి తీరానికి నౌక దిగగల చోటు నరసాపురం దాటిన తరువాత కనిపించే సముద్రమే.

భారతదేశం కూడా ఆ సముద్రాన్నే నమ్ముకుంది. 2007 జనవరి 22న ఇస్రో తొలి క్యాప్సూల్ కక్ష్య నుంచి తిరిగివచ్చి బంగాళాఖాతంలోనే పడింది. 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుంచి ఎగిరిన, మనుషులను పంపే గగన్‌యాన్ పథకపు పరీక్షా క్యాప్సూల్ పారాచూట్లతో చక్కగా దిగి, నీటిలో మాత్రం తలకిందులుగా తేలింది. మనుషులున్న నౌక అలా బోర్లా పడితే, వెంటనే నిలబెట్టే గాలి సంచులు తప్పనిసరి. 2024 డిసెంబరులో విశాఖపట్నం తీరాన ఇస్రో, నౌకాదళం కలిసి తరువాతి అంకాన్ని అభ్యసించాయి: ఓడ వెనుక భాగంలోని పెద్ద గదిలోకి సముద్రపు నీరు నింపి, నమూనా క్యాప్సూల్‌కు తాడు కట్టి తేలుతుండగానే లోపలికి లాగి, ఆపై ఆ నీటిని తోడేశారు.