అల్లవరం దాళ్వా: గిట్టుబాటు తేల్చేది కోత తేదీ, తేమ లెక్క

అల్లవరం: కోనసీమ ధాన్యం వర్తకులకు ఏడాదిలో నమ్మకమైన సరుకు దాళ్వా సరుకే. సార్వాకు ముంపు భయం ఒకటి, కోతల వేళ తుపాను భయం మరొకటి. 1996 నవంబరు 6 నాటి తుపానును ఈ ప్రాంతపు వర్తకులు నేటికీ మరువలేదు. సార్వాలో పోయినది దాళ్వాలో రాబట్టుకోవడం ఇక్కడి రైతు పద్ధతి. అయితే ఆ దాళ్వా అయినా రెండు షరతుల మీదనే గిట్టుబాటు అవుతున్నది. కోత ఏప్రిల్ మధ్యకు ముగియాలి. కాటా వద్ద తేమ తరుగు లెక్క ప్రకారం ఉండాలి. మొదటిది రైతుల, నీటిపారుదల శాఖవారి చేతిలో ఉన్నది. రెండవది పూర్తిగా వర్తకుల చేతిలోనిదే.

శివారు నీటి చిక్కు

అల్లవరం మండలం గోదావరి మధ్య డెల్టాకు శివారు. ధవళేశ్వరం వద్ద వదిలిన నీరు పై ఊళ్ళన్నీ తడిపి చివరకు ఇక్కడికి చేరుతుంది. ఒక ప్రక్క వైనతేయ, దిగువన సముద్రం. కాలువ పలచబడినదంటే మురుగు కాలువల వెంట పోటు నీరు ఎగదన్ని పల్లపు చేలకు ఉప్పు తగులుతుంది. గోదావరిలో ప్రవాహం తగ్గిన ఏడు సీలేరు జలవిద్యుత్ కేంద్రాలు వదిలే నీరు శబరి మీదుగా వచ్చి చేరితేగాని పంట గట్టెక్కదు. వంతులు పెట్టినప్పుడు మొదటి దెబ్బ శివారుకే.

కనుక తేదీయే ప్రధానం. డిసెంబరు మొదటి వారంలో నారు పోసిన 120 రోజుల రకం ఏప్రిల్ మొదటి వారంలో కోతకు వస్తుంది. నెల ఆలస్యమైతే కోత మేలో పడుతుంది. 2023 మే మొదటి వారంలో కురిసిన అకాల వర్షాలకు గోదావరి జిల్లాల కళ్ళాలలో ధాన్యం తడిసిన సంగతి మిల్లర్లకు తెలిసినదే. దమ్ములో మొలక విత్తనం చల్లితే వారం పది రోజులు కలిసివస్తాయి, ఊడ్పు కూలి తప్పుతుంది. కాని కలుపు ఖర్చు పెరుగుతుంది. చేను చదునుగా లేనివారికి ఈ పద్ధతి పనికిరాదు.

నూక, ఉప్పుడు బియ్యం

దాళ్వా ధాన్యం వేసవి ఎండకు గింజలో పగులు తీస్తుంది. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ. నానబెట్టి ఆవిరి పట్టి ఉప్పుడు చేస్తే ఆ పగులు అతుక్కొని గింజ నిలుస్తుంది. మారుటేరు పరిశోధనా కేంద్రం రకాలలో ఎం.టి.యు. 3626, అనగా బొండాలు, ఇందుకు పేరుపడినది. దీని ఉప్పుడు బియ్యాన్ని కేరళలో జయ పేరుతో అడుగుతారు. 2022లో కేరళ ప్రభుత్వం ఈ బియ్యం కొరకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో సంప్రదింపులు కూడా జరిపినది. కేరళ గిరాకీ ఉన్నంతవరకు బొండాలుకు బేరం ఉంటుంది. అది తగ్గిన ఏడు సన్నగింజ ఎం.టి.యు. 1010 వేసినవారికే అమ్మకం సులువు. నాట్లకు ముందే మిల్లర్లు తమకు ఏ రకం కావాలో రైతులకు చెప్పడం ఉభయులకు క్షేమం.

కాటా వద్ద లెక్క

2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369. అనగా 75 కిలోల బస్తాకు దాదాపు రూ. 1,777. ఈ ధరకు తేమ హద్దు 17 శాతం. అంతకు మించితే తరుగు తీయడం న్యాయమే, కాని ఎంత? తేమ 22 శాతం ఉన్న ధాన్యం 17 శాతానికి ఆరితే 75 కిలోల బస్తా నాలుగున్నర కిలోలు తగ్గుతుంది. 20 శాతం ఉంటే తగ్గేది 2 కిలోల 700 గ్రాములే. ఆరబెట్టే కూలి వేరు. దానిని వేరుగానే మాట్లాడుకోవాలి. రెండూ కలిపి కంటి అంచనాతో ఏడెనిమిది కిలోలు తీస్తే అది తరుగు కాదు, ధర కోత.

దీని బరువు కౌలుదారు మీద పడుతుంది. ఎకరాకు 40 బస్తాలు పండి, కౌలుకు 15 పోయినదనుకొందాం. మిగిలిన 25 బస్తాలు మద్దతు ధరకు సుమారు రూ. 44,400 తెస్తాయి. బస్తా రూ. 1,500కు తెగనమ్మితే రూ. 37,500 మాత్రమే. దాదాపు రూ. 6,900 తేడా. విత్తనం, ఎరువు, కోత యంత్రం అద్దె ఇందులోనే తీరాలి. చాలామంది కౌలుదారులకు మిగిలేది ఆ తేడాయే.

వర్తకులకు పాఠం

రైతుకు మిగలకపోతే బజారుకు సరుకు రాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టినారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయవలసి వచ్చినది. 2022లోను విరామం మాట తిరిగి వినిపించినది. అటువంటి ఏడు మిల్లు ఖాళీ, హమాలీ ఖాళీ, దళారికి కమీషన్ లేదు.

శివారు గ్రామాలలో బయానా ఇచ్చే వర్తకులు ముందుగా నారు పోసిన తేదీ అడగడం మంచిది. డిసెంబరు నారుకు ధైర్యంగా బేరం చేయవచ్చును. జనవరి నారుకు టార్పాలిన్లు, ఆరబెట్టే చోటు చూసుకొని దిగవలెను. కళ్ళానికి వెళ్ళే ప్రతి కొనుగోలుదారు తేమ మీటరు వెంట తీసుకువెళ్ళి అంకెను రైతుకు చూపితే, వచ్చే ఏడు అదే రైతు అదే కాటాకు సరుకు తెస్తాడు.