మృతుల వార్తలు, సంఘ చరిత్ర: పాత పత్రికలను పరిశోధించు విధానం

పొలంలో శవం కనబడి, చంపినవాడెవడో తెలియనప్పుడు, పెద్దలు వచ్చి చుట్టుపట్ల పట్టణాలకు దూరం కొలవాలని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. నేరస్థుడు దొరకలేదు గనుక మరణాన్ని మరచిపోవచ్చునని ధర్మశాస్త్రం చెప్పలేదు. స్థానిక సంఘ చరిత్ర వ్రాయు సేవకులకు, పరిశోధనా వ్యాసాలు సిద్ధపరచు విద్యార్థులకు ఇది మంచి మాదిరి. గ్రామంలో జరిగిన మరణాలను, నేరాలను ఏ విధంగా వెదకాలో పరిశీలిద్దాం.

1. తేదీ నిర్ణయం: వృద్ధులు సంవత్సరం చెప్పరు, "తుఫాను వచ్చిన ఏడు" అంటారు. దివిసీమలో ఆ మాటకు సాధారణంగా 1977 నవంబరు అని అర్థం. ఈ జ్ఞాపకాన్ని సంఘపు భూస్థాపన రిజిస్టరుతోను, సమాధి రాతితోను సరిచూడాలి. రిజిస్టరులోనిది భూస్థాపన తేదీ అయితే, మరణం అంతకు ముందురోజే జరిగి ఉండవచ్చును. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం క్రింద నమోదైన తేదీ మరొక సాక్ష్యం. ఇద్దరు ముగ్గురు సాక్షుల నియమం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

2. పత్రిక: దినపత్రికలో వార్త సాధారణంగా మరునాడు వస్తుంది. గనుక ఆ తేదీ తరువాత కనీసం వారం రోజుల సంచికలు చూడాలి. గ్రామ వార్తలు ఎక్కువగా జిల్లా పేజీలలోనే ఉంటాయి. గ్రంథాలయం వేరొక జిల్లా ఎడిషన్‌ను భద్రపరచి ఉంటే అవి కనబడవు. 1918లో స్థాపించబడిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరుపొందినది. శ్రద్ధాంజలి ప్రకటన మాత్రం డబ్బు చెల్లించి వేయించేది. కూలి చేసుకొని బ్రతికిన విశ్వాసికి అది ఉండదు. అటువంటివారికి భూస్థాపన రిజిస్టరులోని ఒక్క పంక్తియే మిగిలిన సాక్ష్యం కావచ్చును.

3. నేరవార్త: తొలిరోజు వార్త తరచుగా పోలీసులు చెప్పిన మాట. "అనుమానాస్పద మృతి" అనునది తీర్పు కాదు. శవ పంచనామా, ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, తీర్పు వేర్వేరు దశలు. నాటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులు హత్య చేయబడ్డారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు వారిని నిర్దోషులుగా ప్రకటించింది. 2007 పత్రికతో ఆగిపోయిన పరిశోధకుడు నిర్దోషులుగా ప్రకటింపబడినవారిని దోషులని వ్రాస్తాడు. 2014 తీర్పును మాత్రమే చదివినవాడు హత్యలనే మరచిపోవచ్చును. శిక్షలు కొట్టివేయబడినను మృతులు ఎనిమిదిమందే. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కనే వ్రాయాలి.

4. కాపరి బాధ్యత: గలిలయుల హత్యను గూర్చి వినినప్పుడు, సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మందిని జ్ఞాపకం చేసినప్పుడు, ఆ మృతులు ఇతరులకంటె పాపులని తలంచవద్దని ప్రభువు హెచ్చరించెను (లూకా 13:1-5). మృతుని పాపాన్ని వెదకుట మన పని కాదు. ఆత్మహత్య, పరువు సంబంధమైన విషయాలలో కుటుంబం యొక్క అనుమతి లేకుండా పేరు వ్రాయరాదు. కాపరిగా రహస్యంగా వినిన మాట పరిశోధనకు ఆధారం కానేరదు.

కాబట్టి పాత పత్రికల కొరకు పట్టణానికి వెళ్ళకముందే, మన సంఘపు భూస్థాపన రిజిస్టరును తెరచి, చెదలు పట్టకముందే దానికి నకలు తీయుదము. పేరు లేక "ఫలానివాని భార్య" అని మాత్రమే వ్రాయబడిన చోట, ఆమె పేరు ఎరిగిన వృద్ధులు ఇంకను మన మధ్య ఉండగానే అడిగి తెలిసికొందము.