అడవి బాట పట్టే బండికి చెక్కముక్కే దిక్కు

మారేడుమిల్లి: చింతూరు ఘాట్ రోడ్డు వదిలి మట్టిబాటల్లో తిరగాలనుకునే పికప్ బండ్ల వారు ముందుగా కొనేది టాపు మీద గుడారం, రంగురంగుల లైట్లు. ఆపదలో అవి అక్కరకు రావు. పైగా బరువంతా నెత్తిన పెడితే పక్కవాలులో బండి బోల్తా కొట్టే ప్రమాదముంది. నీళ్ల క్యాన్లు, వంట సామాను ట్రాలీ అడుగున, కేబిన్‌కు ఆనించి తాళ్లతో బిగించాలి.

జాకీ ఉంటే చాలదు. దాని కింద వేయడానికి మందపాటి చెక్క లేకుంటే బురదలో జాకీ దిగుతుందే గాని బండి లేవదు. పార, లాగుడు తాడు, గాలిపంపు కూడా ఉండాలి. మెత్తటి నేలపై టైర్లలో కొంత గాలి తీస్తే పట్టు పెరుగుతుంది. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపకపోతే టైరు వేడెక్కి పగలవచ్చు. దిగుడులో చిన్న గేరు వేయాలి. బ్రేకు మీదే కాలుంచితే అది కాగిపోయి పట్టు తప్పుతుంది.

ఏజెన్సీలో మలేరియా ఉంది గనుక దోమతెర తప్పనిసరి. చలికి టార్పాలిన్ లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోరాదు. దాని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బాడీని ఇష్టమొచ్చినట్లు మార్పిస్తే 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అడవిలో బసకు అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.